శాస్త్రవేత్త సొంత పేజీలో ముందు ప్రశ్న ఉండాలి

సంపాదకులకు నమస్కారం.

మీ సైన్స్ పేజీలో ఎవరైనా పరిశోధకుల పేరు కనబడితే, ఆసక్తి ఉన్న పాఠకుడు వెంటనే దాన్ని ఫోన్‌లో వెతుకుతాడు. వాళ్ల సొంత వెబ్‌సైట్ దొరికినా ‘పరిశోధనాసక్తులు’ అన్న శీర్షిక కింద తరచూ కనిపించేది నాలుగు ముక్కలే: కీటకాల ప్రవర్తన, న్యూరోసైన్స్, మెషిన్ లెర్నింగ్, ఇమేజ్ ప్రాసెసింగ్. ఇవి శాఖల పేర్లు. ఆ మనిషి ఏం తేల్చుకోవాలని రోజూ ల్యాబ్‌కు వెళ్తున్నారో వీటిలో లేదు.

ప్రశ్నతో మొదలుపెడితే ఆ ఇబ్బంది ఉండదు. ‘వాసన జాడ నిలవని వేడి ఇసుకలో ఎడారి చీమ తిండి వెతుక్కుని తిన్నగా గూటికి ఎలా చేరుతుంది?’ ఇది మొదటి వాక్యం. అప్పటికే తెలిసినది రెండో వాక్యం: తిండి దగ్గర పట్టుకున్న చీమల కాళ్లకు పంది వెంట్రుకలతో కర్రకాళ్లు అతికించి వదిలితే అవి గూడు దాటి పోయాయి, కాళ్లు కురచ చేసినవి గూడు రాకముందే ఆగి వెతికాయి, అడుగుల లెక్కలాంటిదేదో ఉందని 2006లో అచ్చయిన ఈ ప్రయోగం చూపింది. ఇందులో తాను పట్టుకున్న కొస ఏదో మూడో వాక్యంలో, దానికి వాడే పద్ధతి నాలుగో వాక్యంలో చెబితే చాలు. మొత్తం నూరు, నూటఇరవై మాటలు మించనక్కర్లేదు. సెర్చ్ ఫలితాల్లో పేరు కింద కనిపించేది సుమారు 150 అక్షరాలే. అక్కడ ‘నా వెబ్‌సైట్‌కు స్వాగతం’ అని ఉంటే ఆ చోటు వృథా.

తెలుగులో రాసేవాళ్లు యూనికోడ్‌లోనే (ఫోన్లు, కంప్యూటర్లు అన్నీ గుర్తించే ఉమ్మడి అక్షర కోడ్‌లోనే) టైప్ చేయాలి. పాత డీటీపీ ఫాంట్లు ఇంగ్లిష్ అక్షరాల కోడ్‌ల మీద తెలుగు ఆకారాలు అతికించినవి. ఆ ఫాంట్ లేని ఫోన్‌లో అంతా పిచ్చిగీతలే, సెర్చ్‌కూ దొరకదు. పోనీ అని పేరాను బొమ్మగా పెడితే చూపులేని పాఠకుల స్క్రీన్ రీడర్ దాన్ని చదవలేదు.

పేరుతో ఇంకో చిక్కు. ఇంటిపేరు ఒక పరిశోధన పేపర్‌లో ముందు, మరో పేపర్‌లో చివర, ఇంకోచోట పొడి అక్షరంగా ఉంటే ముగ్గురు మనుషులనుకుంటారు. ఆర్కిడ్ (ORCID) నంబర్, అంటే ఒక్కో పరిశోధకుడికి విడిగా ఉండే గుర్తింపు సంఖ్య, ఉన్నది ఇందుకే. 16 స్థానాల్లో చివరిది సరిచూసే గుర్తు, అది ‘ఎక్స్’ కూడా కావచ్చు, తప్పనుకుని తీసేయకూడదు. పేపర్లకు పరిశోధన పత్రిక (జర్నల్) సైట్ లింక్ కన్నా, పేపర్‌కు ఇచ్చే శాశ్వత గుర్తింపు సంఖ్య అయిన ‘10.’తో మొదలయ్యే డీఓఐ లింక్ ఇవ్వడం మేలు: పత్రిక సైట్ మారినా, ప్రచురణకర్తలు కొత్త చిరునామా నమోదు చేస్తే అదే లింక్ పనిచేస్తుంది. పత్రిక ముద్రించిన పీడీఎఫ్‌ను సొంత పేజీలో పెట్టే హక్కు చాలాసార్లు రచయితకు ఉండదు. ఆమోదం పొందిన రాతప్రతిని మాత్రం కొన్ని పత్రికలు వెంటనే, కొన్ని గడువు తర్వాత పెట్టనిస్తాయి. నిబంధన చదివాకే పెట్టాలి.

ఫోటో 600 పిక్సెళ్ల వెడల్పు, 150 కిలోబైట్ల లోపు ఉంటే సరిపోతుంది. ఫోన్‌లో తీసింది తీసినట్టు ఎక్కిస్తే నాలుగైదు మెగాబైట్లు, నెట్ నెమ్మదిగా ఉన్నచోట పేజీ తెరుచుకోదు. సంస్థ ఇచ్చిన ఈమెయిల్ ఒక్కటే పెడితే, ఉద్యోగం మారాక ఉత్తరాలు గాలికి పోతాయి. ‘చివరి సవరణ’ తేదీ చేత్తో వేయాలి. తెరిచిన ప్రతిసారీ ఆనాటి తేదీ చూపించే కోడ్ పెట్టడం పాఠకుణ్ణి మోసగించడమే.

మీకు ఒక విన్నపం: పరిశోధకుల మాటలు వేసినప్పుడు వార్త చివర వారి పేజీకి క్యూఆర్ కోడ్ కూడా అచ్చువేయండి.

ఇట్లు,
ఒక పాఠకుడు