ఫిట్‌నెస్‌కి వెళ్లే ఫోర్ వీల్ డ్రైవ్ బండ్లు: బ్రేక్ టెస్ట్ జాగ్రత్తలు

అందరికీ నమస్కారం అండి 🙏

మన గ్రూప్‌లో కొన్ని బండ్లకి 15 ఏళ్లు నిండుతున్నాయి, రిజిస్ట్రేషన్ రెన్యువల్‌కి ఫిట్‌నెస్ టెస్ట్ తప్పదు. వెళ్లేముందు ఒకసారి చూసుకుందాం.

ఈ ఆదివారం ఉదయం 6:30, భవానీపురం పున్నమి ఘాట్ దగ్గర. ఆర్‌సీ, ఇన్సూరెన్స్, పొల్యూషన్ కాగితాలు తెచ్చుకోండి.

బ్రేక్ టెస్ట్ సంగతి శ్రద్ధగా చదవండి. రోలర్ మెషిన్ ఒకసారికి ముందు చక్రాలనో వెనక చక్రాలనో మాత్రమే తిప్పుతుంది. అప్పుడు ఫోర్ వీల్ పడి ఉంటే ఆ తిరుగుడు నేల మీదున్న చక్రాలకీ అందుతుంది. బండి రోలర్ల మీంచి దూకేయొచ్చు, ఎదురుగా మనిషి ఉంటే ప్రాణం మీదికొస్తుంది. ట్రాన్స్‌ఫర్ కేస్ (ముందు, వెనక చక్రాలకి శక్తిని పంచే గేర్ పెట్టె) కూడా దెబ్బతినొచ్చు.

జిప్సీ, థార్, జిమ్నీ వాళ్లు ఫోర్ వీల్ లివర్ 2హెచ్‌లో (అంటే టూ వీల్ డ్రైవ్‌లో), గేర్ న్యూట్రల్‌లో పెట్టాలి. లివర్ మార్చినా డాష్‌బోర్డు మీద ఫోర్ వీల్ లైటు ఒక్కోసారి ఆరదు. నాలుగడుగులు రివర్స్ తీయండి, సాధారణంగా ఆరిపోతుంది. పోయినసారి నాకూ ఇలాగే అయింది. లైటు ఆరాకే రోలర్ ఎక్కించండి.

టూ వీల్‌కి మార్చే వీల్లేని ఆల్ వీల్ డ్రైవ్ బండి అయితే ఇన్‌స్పెక్టర్ గారికి ముందే చెప్పండి, మొహమాటం వద్దు. ఓనర్ మాన్యువల్ చేతిలో ఉంచుకోండి. ప్లేట్ టెస్టర్ (నేల మీది పలకల మీదికి బండి నడిపి బ్రేక్ వేసి చూసే మెషిన్) మీద గానీ, రోడ్డు మీద డీసెలరోమీటర్‌తో (బ్రేక్ వేస్తే వేగం ఎంత త్వరగా తగ్గుతుందో కొలిచే పరికరం) గానీ చూడమని అడగండి.

కుడి ఎడమ టైర్లలో గాలి సమానంగా ఉండాలి, లేకపోతే రీడింగ్ తేడా వస్తుంది. హ్యాండ్ బ్రేక్ కూడా చూస్తారు.

వచ్చేవాళ్లు శుక్రవారం రాత్రిలోపు బండి మోడల్, సంవత్సరం ఇక్కడే పెట్టండి.