కలెక్టర్ గారూ, బడిపిల్లల పళ్లు ఒకసారి లెక్కపెట్టించండి

గౌరవనీయులైన చిత్తూరు జిల్లా కలెక్టర్ గారికి నమస్కారాలు.

నేను పలమనేరు వైపు ఓ హైస్కూల్లో టీచర్‌ని. కింది స్థాయిలో ఇచ్చిన అర్జీలకు జవాబు రాకపోవడంతో నలుగురి ముందు రాస్తున్నాను.

మా తొమ్మిదో తరగతి అమ్మాయి ఒకరు, జవాబు చెప్పాలన్నా చున్నీ అంచు నోటికి అడ్డం పెట్టుకుంటుంది. పాల కోరపన్ను ఇంకా ఊడలేదు. అసలు పన్ను అంగిట్లో ఇరుక్కుందని ఎక్స్‌రేలో తేలింది. పై కోరపన్ను మామూలుగా 11–12 ఏళ్లకు వస్తుంది. ఇలా ఇరుక్కోవడం నూటికి ఒకరిద్దరిలో ఉండేదే. జ్ఞానదంతాలు వదిలేసినా, ఒకటో రెండో పళ్లు అసలే పుట్టనివాళ్లు నూటికి ఐదారుగురు ఉంటారని అంచనా. అంటే ప్రతి బడిలోనూ ఉన్నారు.

పదకొండేళ్లప్పుడే కనిపెడితే చాలాసార్లు పాలపన్ను తీయడంతోనే కోరపన్ను దారికొస్తుంది. ఆలస్యమైతే ఆపరేషన్, ఆపై ఏళ్ల తరబడి క్లిప్పులు. కూలికెళ్లే ఇంట్లో అంత డబ్బు ఎక్కడిది? ఆ తల్లి టెన్షన్ చూడలేకపోతున్నాం.

2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం, అంటే పిల్లలకు ఆరోగ్య పరీక్షలు చేసే ప్రభుత్వ పథకం, 18 ఏళ్ల వరకు వర్తిస్తుంది, దంత సమస్యలూ అందులో ఉన్నాయి. మా బడిలో మాత్రం టార్చి వేసి పుచ్చు చూడటంతో సరి.

ఐదో తరగతిలో ఒకసారి, ఎనిమిదో తరగతిలో మరోసారి దంతవైద్యుల చేత పరీక్ష చేయించండి. అనుమానమున్న పిల్లలకు ప్రభుత్వాసుపత్రిలో ఉచితంగా ఎక్స్‌రే తీయించండి. ఈ విద్యా సంవత్సరంలోనే ఉత్తర్వులివ్వాలని కోరుతున్నాను.

భవదీయురాలు,
ఒక ఉపాధ్యాయురాలు