ఈ ఏడాది మన షెడ్డులో: పాత మిలిటరీ బండ్ల సంఘం వార్షిక నివేదిక

గౌరవ సభ్యులకు నమస్కారం.

సర్వసభ్య సమావేశంలో ముందు జమాఖర్చులు చదవడం ఆనవాయితీ. ఈసారి కోశాధికారి గారు లెక్కల కాగితాలు విడిగా అచ్చు వేయించి పంచుతున్నారు కాబట్టి నేను నేరుగా బండ్ల దగ్గరికే వస్తాను. ఒక్క మాట మాత్రం చెప్పాలి. చందాల్లో ఎక్కువ భాగం షెడ్డు అద్దెకు, లేతు పనికి పోయింది. మిగిలినదాన్ని టైర్లు మింగేశాయి.

జీపు ఎవరిది?

మిర్యాలగూడ వైపు ఒక రైసు మిల్లు వెనక, రేకుల కింద ఏళ్ల తరబడి పడి ఉన్న జీపును నిరుడు తెచ్చుకున్నాం. తెచ్చిన రోజు నుంచి అందరం దాన్ని అమెరికా కంపెనీ పేరుతో విల్లీస్ అనే పిలిచాం. పాత ఆర్‌సీలో కూడా అదే ఉంది. పని మొదలయ్యాక ఛాసిస్ మీద గడ్డకట్టిన గ్రీజును డీజిల్‌తో కడుగుతుంటే, సైన్యం బండ్లు బాగుచేసే ఈఎంఈ విభాగంలో చేసి రిటైరైన మన పెద్దాయన ముందు బంపర్ వెనక చెయ్యి పెట్టి చూసి, "ఆగండి, ఇది విల్లీస్ కాదు" అన్నారు. విల్లీస్ ఛాసిస్‌కు అక్కడ అడ్డంగా గుండ్రటి పైపు ఉంటుంది. ఫోర్డ్ చేసిన ఛాసిస్‌కు బోర్లించిన యూ ఆకారంలో పట్టీ ఉంటుంది. మనదానికి ఉన్నది పట్టీ. ఇక ఆ సాయంత్రమంతా అందరూ వైర్ బ్రష్‌లు పట్టుకుని బోల్టుల మీద పడ్డారు. ఒక బోల్టు తల మీద చిన్న 'ఎఫ్' అక్షరం, దాని పక్కదాని మీద ఏమీ లేదు, ఇంకోదాని మీద మళ్లీ 'ఎఫ్'. ఫోర్డ్ కంపెనీ అప్పట్లో తను చేసిన పార్టుల మీద, చివరికి బోల్టుల మీద కూడా ఆ అక్షరం కొట్టేది. ఎడమ వైపు ఛాసిస్ పైభాగాన్ని ఇంకా రుద్దితే నంబర్ కూడా తేలింది.

1941–45 మధ్య అమెరికాలో సైన్యం కోసం దాదాపు 6,40,000 జీపులు తయారయ్యాయి. విల్లీస్ ఎంబీ పేరుతో 3,60,000 పైచిలుకు, అదే డిజైన్‌తో ఫోర్డ్ జీపీడబ్ల్యూ పేరుతో 2,77,000 పైచిలుకు. ఒకదాని సామాను ఇంకోదానికి సరిపోయేలా చేయించుకున్నారు. యుద్ధంలో అది వరమే, మనకే తలనొప్పి. యుద్ధం అయ్యాక మన దేశంలో వేలంలో కొన్నవాళ్లు ఏ పార్టు దొరికితే ఆ పార్టు బిగించి నడుపుకున్నారు. మన బండి లెక్క చూడండి: ఛాసిస్ ఫోర్డ్‌ది, ఇంజన్ విల్లీస్‌ది, బాడీ ఎప్పుడో ఇక్కడే రేకు కొట్టి చేసింది. బానెట్ ఏ బండిదో ఇంకా వాదన నడుస్తోంది.

దీన్ని ఏమని చూపించాలన్న దగ్గర సంఘం రెండుగా చీలింది. కొందరు 'ఫోర్డ్ జీపీడబ్ల్యూ, 1943' అని బోర్డు రాసేద్దామన్నారు. ఎవరు అడుగుతారు అన్నది వాళ్ల ధీమా. అడిగేవాళ్లు లేరని అబద్ధం రాయడం నాకు ఇష్టం లేదు, కార్యవర్గంలో ఎక్కువమందికీ ఇష్టం లేదు. చివరికి ఏ పార్టు ఎక్కడిదో అన్నీ వరుసగా రాసిన బోర్డు పెట్టాలని తీర్మానించాం. తమాషా ఏమిటంటే, ప్రదర్శనలో జనం బండి కంటే ఆ బోర్డు దగ్గరే ఎక్కువసేపు నిలబడుతున్నారు. లారీలు నడిపినవాళ్లయితే మరీ.

ఇంజన్ గురించి క్లుప్తంగా. అది 2,199 సీసీ, నాలుగు సిలిండర్లు, 60 హార్స్ పవర్. వాల్వులు హెడ్‌లో కాకుండా బ్లాకులోనే పక్కన ఉంటాయి. అందుకే హెడ్ విప్పితే ఉత్త మూత, పని అంతా కింద. ఒక ఎగ్జాస్ట్ వాల్వ్ సీటు పగిలి ఉంది, కొత్త సీటు లేతులో చేయించాం. బోర్ కొట్టించి ఓవర్‌సైజ్ పిస్టన్లు వేశాం. 6 వోల్టుల కరెంటును పాత ఓనరు ఎప్పుడో 12కు మార్చేశాడు. దాన్ని అలాగే ఉంచాం, బోర్డు మీద ఆ సంగతి కూడా రాశాం. రేడియేటర్ విప్పితే లోపల గొట్టాలన్నీ సున్నపు పొరతో మూసుకుపోయి ఉన్నాయి. నల్లగొండ బోరు నీళ్లు మనుషుల ఎముకలనే వదల్లేదు, రేడియేటర్‌ను వదులుతాయా? ఇకపై ఏ బండిలోనూ బోరు నీళ్లు పోయొద్దని షెడ్డు గోడ మీద పెద్ద అక్షరాలతో రాయించాం.

రంగు పంచాయితీ

కొత్త సభ్యులు చేరగానే అడిగే మొదటి ప్రశ్న: "అన్నా, గ్రీన్ కలర్ ఎప్పుడేస్తరు?" జవాబు: వేయం. కేంద్ర మోటారు వాహనాల నియమావళి 121వ నియమం ప్రకారం ఆలివ్ గ్రీన్ రంగు రక్షణ శాఖ బండ్లకు మాత్రమే. సైన్యం కోసం పుట్టిన బండికి సైన్యం రంగు వేయకూడదా అంటే, అవును, వేయకూడదు. మన దగ్గరికి వచ్చాక అది ప్రైవేటు బండి. పైకి బాణం గుర్తు ఉన్న మిలిటరీ నంబర్ ప్లేటు సంగతీ అంతే. షో రోజు ఒక్క పూట పెట్టుకుందామని ఇద్దరు ముగ్గురు పట్టుబట్టారు. ఒప్పుకోలేదు. మిలిటరీ డ్రెస్సు వేసుకుని ఫొటోలు దిగడం కూడా ఇకమీదట ప్రదర్శన స్థలంలో కుదరదు. ఆ యూనిఫాం నిజంగా వేసుకుని వచ్చినవాళ్లు మన సంఘంలోనే ఉన్నారు, వాళ్లకే అది నచ్చడం లేదు.

రంగు ఏం వేయాలన్నది రెండు సమావేశాలు తిన్నది. చివరికి ఇసుక రంగు వేశాం. రెండో ప్రపంచ యుద్ధంలో ఉత్తర ఆఫ్రికా ఎడారిలో బ్రిటిష్ సైన్యం బండ్లకు దగ్గరగా ఉండే రంగు ఇది, చట్టానికీ అడ్డు కాదు. అయితే మన జీపు ఎడారికి వెళ్లిందనడానికి ఏ ఆధారమూ లేదు. అది కూడా బోర్డు మీద ఉంది.

ఈ పనిలో నాకు బాగా నచ్చింది ఒకటుంది. డాష్‌బోర్డు పక్క గ్లవ్ బాక్సు మూత లోపలి వైపు గీకుతుంటే పొరలు పొరలుగా బయటపడ్డాయి. పైన మిల్లు ఓనరు వేయించిన నీలం, దాని కింద తెలుపు, దాని కింద ఎరుపు ప్రైమర్, అన్నిటికంటే అడుగున మాసిపోయిన పచ్చ. అన్నీ కలిపి గోరంత మందం కూడా లేవు. పెయింటర్ దాన్ని కూడా పుట్టీ పెట్టి నున్నగా చేయబోతే మన మహబూబ్‌నగర్ సభ్యుడు చెయ్యి పట్టుకుని ఆపాడు. ఆ మూతను అలాగే వదిలేశాం. బాడీ తర్వాత చేసిందే అయినా డాష్‌బోర్డు భాగం పాత బండిదేనని దాంతోనే తేలింది.

కాగితాలు

2021లో కేంద్రం వింటేజ్ బండ్లకు విడిగా నియమాలు తెచ్చింది. మొదటి రిజిస్ట్రేషన్ నుంచి 50 ఏళ్లు దాటిన టూ వీలర్, ఫోర్ వీలర్ అయి ఉండాలి. కొత్త రిజిస్ట్రేషన్‌కు రూ. 20,000, మళ్లీ రిజిస్ట్రేషన్‌కు రూ. 5,000. పదేళ్లు చెల్లుతుంది. నంబర్‌లో రాష్ట్రం కోడ్ తర్వాత 'వీఏ' అని వస్తుంది. రోజూ తిరగడానికి, కిరాయికి వాడకూడదు. ప్రదర్శనకు, ర్యాలీకి, పెట్రోలుకు, రిపేరుకు మాత్రమే రోడ్డెక్కాలి.

ఇంతవరకు బాగానే ఉంది. అసలు చిక్కు ఇంకో షరతుతో వచ్చింది: ఛాసిస్, బాడీ, ఇంజన్‌లో మార్పులు చేయకుండా బండి అసలు రూపంలో ఉండాలి. మూడు బండ్ల నుంచి పుట్టిన మన జీపు దీనికి నిలబడుతుందా? నా అభిప్రాయంలో నిలబడటం కష్టం. అందుకే దాని పాత రిజిస్ట్రేషన్‌నే రెన్యూవల్ చేయించే దారి చూస్తున్నాం. మన ఇంకో బండి జోంగాది వేరే చిక్కు. నిస్సాన్ పాట్రోల్ అనే మోడల్ ఆధారంగా జబల్‌పూర్ కర్మాగారంలో 1969 నుంచి 1999 వరకు తయారైన బండి అది. మనది సైన్యంలో పనిచేసి, చాలా ఏళ్ల తర్వాత వేలంలో బయటికి వచ్చాకే సివిల్ రిజిస్ట్రేషన్ అయింది. యాభై ఏళ్లు ఎక్కడి నుంచి లెక్కపెట్టాలి? ఈ విషయంలో తెలిసిన వకీలు సభ్యుల్లో ఎవరికైనా పరిచయం ఉంటే చెప్పండి.

పెళ్లి బారాత్‌లకు జీపు ఇవ్వాలని ఈ ఏడాది చాలామంది అడిగారు. మంచి డబ్బులు కూడా ఇస్తామన్నారు. షెడ్డు అద్దె గుర్తొచ్చి కొందరికి మనసు లాగింది. డీజే వెనక నడక వేగంతో రెండు గంటలు నడిపితే ఆ ఇంజన్ ఏమవుతుందో మెకానిక్‌ను అడగండి, ఆ తర్వాత మాట్లాడుకుందాం.

ప్రదర్శనలు

సెప్టెంబర్ 17 వస్తే మన ఫోన్లు ఆగవు. విమోచనం అని ఒకరు, విలీనం అని ఒకరు, సమైక్యత అని ఇంకొకరు, ఒకే రోజుకు తలా ఒక పేరు పెట్టి ఊరేగింపుకు జీపు పంపమన్నారు. ఎవరికీ పంపలేదు. బండిని నల్లగొండలో ఒక బడి ఆవరణలో పెట్టాం. అక్కడికి వచ్చిన ఒక ముసలాయన బానెట్ మీద చెయ్యి వేసి, "ఇది యూనియన్ మిలట్రీ వచ్చిన జీపేనా బిడ్డా?" అని అడిగాడు. అవునంటే ఆయన ఎంత సంతోషపడేవాడో మొహంలోనే కనిపిస్తోంది. మన కుర్రాడు "తెల్వది తాతా, ఇట్లాంటి బండ్లే వచ్చినయ్, ఇదే వచ్చిందని కాయితం లేదు" అన్నాడు. శభాష్ అనిపించింది. ఆ తర్వాత ఆ తాతే అరగంట కూర్చుని పిల్లలకు ఆ రోజుల సంగతులు చెప్పాడు.

తెలిసింది మాత్రం బోర్డు మీద పెట్టాం. 1948 సెప్టెంబర్ 13న హైదరాబాద్ సంస్థానం మీద మొదలైన ఆ సైనిక చర్యలో షోలాపూర్ వైపు నుంచి మేజర్ జనరల్ జె.ఎన్. చౌదురి, విజయవాడ వైపు నుంచి మేజర్ జనరల్ ఎ.ఎ. రుద్ర సేనలు వచ్చాయి. రెండో సేన వచ్చింది మన సూర్యాపేట మీదుగానే. వెనక్కి తగ్గుతూ నిజాం సేనలు మూసీ వంతెనను కూల్చినా, కాపలా కాయకపోవడంతో దాన్ని వెంటనే బాగుచేసుకుని ముందుకు సాగారు. ఈ వంతెన సంగతి విని సూర్యాపేట నుంచి వచ్చిన పిల్లలు కళ్లు పెద్దవి చేశారు. రోజూ బస్సులో దాటే నది కదా.

పిల్లలకు అన్నిటికంటే నచ్చేది హెడ్‌లైట్ల ట్రిక్కు. రెక్కల నట్టు వదులు చేసి లైటును వెనక్కి తిప్పితే వెలుతురు నేరుగా ఇంజన్ మీద పడుతుంది. రాత్రిపూట రిపేరుకు టార్చ్ అక్కర్లేదు. ప్రతి పిల్లవాడూ ఒకసారి తిప్పాల్సిందే. నట్టు మర అరిగిపోతోంది, విడి నట్లు చేయించి పెట్టుకున్నాం.

ఏప్రిల్‌లో మహబూబ్‌నగర్ వెళ్లినప్పుడు మాత్రం పరువు పోయింది. స్టేజీ ముందుకు వచ్చేసరికి బండి దగ్గి ఆగిపోయింది. ఎండకు పెట్రోలు పైపులోనే ఆవిరైపోయి పంపుకు అందలేదు. తడి గుడ్డ చుట్టి కాసేపు ఆగితే మళ్లీ పలికింది. ఇకపై మార్చి నుంచి జూన్ దాకా ప్రదర్శనలు పొద్దున పూటే. ఇప్పుడు బంకుల్లో దొరికే 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలుతో పాత రబ్బరు పైపులు ఉబ్బి మెత్తబడుతున్నాయి. ఇథనాల్ తేమను పీల్చుకుంటుంది కూడా. నెలల తరబడి నిలబెట్టే బండ్లలో ట్యాంకు, కార్బురేటర్ ఖాళీ చేయండి, పైపులు ఇథనాల్‌ను తట్టుకునే రకానివి వేయించండి. సభ్యులకు టోకుగా తెప్పిద్దామని ఆలోచన ఉంది.

దేవరకొండ సభ్యుడి బీఎస్‌ఏ ఎం20 మోటార్ సైకిల్ ఈ ఏడాది పూర్తయింది. 496 సీసీ, సైడ్ వాల్వ్, లోతైన గొంతు. చూడని వాళ్లు చూడండి. శక్తిమాన్ లారీ పని ముందుకు సాగలేదు, దాన్ని నిలబెట్టడానికి మన షెడ్డు చాలదు.

వచ్చే ఏడాదికి

కొత్త కార్యవర్గం ఎన్నిక ఈ సమావేశంలోనే జరుగుతుంది. కోశాధికారిగా మళ్లీ అదే వ్యక్తి ఉండాలని నా మనవి, ఎందుకంటే ఆయన తప్ప ఎవరూ రసీదులు దాచరు. మహారాష్ట్రలోని అహిల్యానగర్‌లో, అంటే పాత అహ్మద్‌నగర్‌లో, సైన్యం నడిపే ట్యాంకుల మ్యూజియం చూసి రావాలని చాలామంది అడుగుతున్నారు. వస్తామనేవాళ్లు పేర్లు ఇస్తే బస్సు మాట్లాడతాం.

చివరగా ఒక పని. జీపుకు ఫోర్డ్ గుర్తు ఉన్న పెడల్, జాక్ హ్యాండిల్, టూల్ బాక్స్ మూత ఇంకా దొరకలేదు. మీ ఊళ్లలో పాత ఇనుప సామాను కొనేవాళ్ల దగ్గర, మిల్లుల వెనక, బావుల దగ్గర పడి ఉన్న తుప్పు ముక్కల మీద ఆ 'ఎఫ్' అక్షరం కనిపిస్తే కొనేయకండి, బేరం చెడుతుంది. ముందు ఫొటో తీసి ఈఎంఈ పెద్దాయనకు పంపండి.

ఇట్లు,
కార్యదర్శి