నాన్న టెస్టుల సంగతి

అందరికీ నమస్కారం. ఒక్కొక్కరికీ ఫోన్ చేసి చెప్పే ఓపిక లేక ఇక్కడే రాస్తున్నాను, ఏమీ అనుకోకండి.

బయాప్సీలో ఊపిరితిత్తి క్యాన్సర్ అని తేలిన విషయం మీకు తెలుసు. ఆపరేషన్ ఖాయమైందని ఎవరో అన్నారట. ఇంకా కాలేదు. గడ్డ ఒక్కచోటే ఉందా, రెండు ఊపిరితిత్తుల మధ్య ఉండే లింఫ్ గ్రంథులకూ పాకిందా అన్నది ముందు తేలాలి. అక్కడిదాకా వెళ్లి ఉంటే ముందు కీమో ఇవ్వొచ్చు, అసలు కత్తి పెట్టకపోనూవచ్చు.

అది చూడటానికే గురువారం పెట్ సీటీ, అంటే క్యాన్సర్ ఎక్కడెక్కడ ఉందో చూపే స్కాన్. దానికి ముందు 6 గంటలు మంచినీళ్లు తప్ప ఏమీ తీసుకోకూడదు. స్కాన్ కోసం నరంలోకి ఎక్కించే మందు ఒకరకం చక్కెరే కాబట్టి ఒంట్లో షుగర్ ఎక్కువుంటే స్కాన్ సరిగా రాదు. నాన్నకు షుగర్ ఉంది కదా, నా బెంగంతా దాని మీదే. ఆ మందులో కొద్దిగా రేడియేషన్ ఉంటుంది. చెల్లీ, నువ్వు కడుపుతో ఉన్నావు, ఆ రోజు మాత్రం రావద్దు. తర్వాత మెదడుకు ఎమ్మారై, గుండెకు ఎకో, ఊపిరి ఊదించే పరీక్ష. ఈ చివరిది, ఊపిరితిత్తిలో కొంత భాగం తీసేస్తే మిగిలినదాంతో శ్వాస సరిపోతుందా అని చూడటానికట.

పెదనాన్నా, మీరు పంపిన కషాయం ఇప్పుడు ఇవ్వడం లేదు. డాక్టర్‌ని అడిగాకే.

నాన్నకు ఫోన్ చేస్తే రిపోర్టుల గురించి అడక్కండి. క్రికెట్ మాట్లాడండి, హుషారుగా ఉంటారు. రిపోర్టులు రాగానే నేనే ఇక్కడ పెడతాను.