పోస్టాఫీసు రాళ్లతో కట్టిన గుడి

మిల్వాకీ, అమెరికా,
ఆదివారం సాయంత్రం

ఒరేయ్ ఇన్నయ్యా,

నీ ఉత్తరం అందింది. మన ఊళ్లో పాత చర్చి గుడి తీసేసి కొత్తది కడదామని విచారణ (అంటే ఒక చర్చి కిందికొచ్చే జనం) పెద్దలు కూర్చున్నారనీ, ఇంటికింత అని చందా రాశారనీ, ఆ టెన్షన్‌తో నీకు నిద్ర పట్టడం లేదనీ రాశావు. నేను ప్రతి ఆదివారం పూజకు వెళ్లే గుడి కథ నీకు చెప్పాలని ఎప్పటినుంచో అనుకుంటున్నాను. ఇప్పుడు సందర్భం వచ్చింది. తీరిగ్గా కూర్చుని చదువు.

దీని పేరు పునీత యోసఫాతు బసిలికా. ఊరికి దక్షిణాన లింకన్ అవెన్యూలో ఉంది. గోపురం సుమారు 250 అడుగుల ఎత్తు. రోములోని పునీత పేతురు గుడి గోపురాన్ని చూసి గీసిన నమూనా అది. మొదటిసారి చూసినప్పుడు ఎవరో కోటీశ్వరుడు కట్టించి ఉంటాడనుకున్నాను. కాదురా, పోలండ్ నుంచి వచ్చిన కూలి జనం కట్టుకున్నారు.

అప్పటికి పోలండ్ అనే దేశమే లేదు. 1795 నాటికి రష్యా, జర్మన్ల రాజ్యమైన ప్రష్యా, ఆస్ట్రియా దాన్ని పూర్తిగా పంచేసుకున్నాయి. మళ్లీ దేశంగా నిలబడింది 1918లో. మిల్వాకీకి వచ్చినవాళ్లలో ఎక్కువమంది ప్రష్యా ఏలుబడిలో ఉన్న జిల్లాలవాళ్లు. ప్రష్యా ప్రధాని బిస్మార్క్ కాలంలో అక్కడ వాళ్ల భాష మీదా, వాళ్ల గుళ్ల మీదా బాగా ఒత్తిడి ఉండేది. ఇక్కడికొచ్చి ఇనుప మిల్లుల్లో, తోళ్ల కార్ఖానాల్లో కుదురుకున్నారు. 1886 మేలో ఎనిమిది గంటల పని కావాలంటూ పునీత స్టానిస్లాస్ గుడి దగ్గర పోగై, బే వ్యూ మిల్లు వైపు నడిచి వెళ్తే మిలీషియా (సర్కారు సాయుధ దళం) కాల్పులు జరిపింది. ఆ బతుకులో సొంత మాటలో పాడుకునే చోటు, పిల్లల పెళ్లిళ్లు జరిగే చోటు, సమ్మెకైనా జనం చేరే చోటు గుడి ఒక్కటే.

వాళ్ల ఇళ్లు ఇప్పటికీ ఈ వీధుల్లో ఉన్నాయి, చూస్తే నీకు ముచ్చటేస్తుంది. ముందు చిన్న చెక్క ఇల్లు వేసుకునేవాళ్లు. నాలుగు డబ్బులు చేతికొచ్చాక ఇల్లు మొత్తాన్ని జాకీలతో పైకెత్తి, కింద ఇటుకతో ఇంకో వాటా కట్టి అద్దెకిచ్చేవాళ్లు. ఇక్కడివాళ్లు వాటిని ‘పోలిష్ ఫ్లాట్’ అంటారు. ఆ ఇళ్లను గుర్తు పెట్టుకో, మళ్లీ వాటి దగ్గరికే వస్తాను.

యోసఫాతు విచారణ 1888లో మొదలైంది. మరుసటి ఏడే గుడి కాలిపోయింది. మళ్లీ కట్టుకున్నారు. కొన్నేళ్లకు విచారణలో జనం పన్నెండు వేల దాకా చేరి, ఆ గుడీ చాల్లేదు. అప్పటి విచారణ గురువు ఫాదర్ విల్హెల్మ్ గ్రుట్జా 1896లో ఎర్హార్డ్ బ్రీల్‌మయర్ అనే ఆర్కిటెక్ట్ చేత ఇటుకల గుడికి ప్లాను గీయించాడు.

సరిగ్గా ఆ రోజుల్లోనే షికాగోలో సర్కారువారి పోస్టాఫీసు, కస్టమ్స్ భవనం పడగొడుతున్నారు. 1871 అగ్నిప్రమాదం తర్వాత కట్టిన పెద్ద రాతి భవనం అది. కింద పునాది సరిగా లేక ఒక్కోవైపు ఒక్కోలా కుంగిపోయింది. ఇరవై ఏళ్లు కూడా నిలవలేదు. గ్రుట్జా ఆ సంగతి విని, ఆ రాళ్లనూ స్తంభాలనూ 20,000 డాలర్లకు కొనేశాడు! ఐదు వందల రైలు వ్యాగన్లలో మిల్వాకీకి దించారు. బ్రీల్‌మయర్ పాత ప్లాను పక్కన పెట్టి, వచ్చిన రాళ్లకు సరిపోయేలా కొత్త ప్లాను గీశాడు. ప్లాను గీసుకుని రాయి వెతకడం మనకు తెలుసు. రాయిని ముందు పెట్టుకుని గుడి గీసిన మనిషి ఓపికకు నేను దండం పెడతాను. పునాది మాత్రం విచారణ జనమే తవ్వుకున్నారు.

తలుపుల పిడుల మీద అమెరికా ఖజానా శాఖ ముద్ర ఇప్పటికీ ఉంది. పూజకు వెళ్లినప్పుడల్లా దాన్ని ఒకసారి తడిమి లోపలికి వెళ్లడం నాకు అలవాటైపోయింది. ఒకప్పుడు ఆ పిడి తిప్పింది గుమాస్తాలు, అధికారులు. ఆ తర్వాత తోలు వాసన పోని చేతులు తిప్పాయి.

1901 జులైలో ప్రతిష్ఠ జరిగింది. కొన్ని వారాలకే గ్రుట్జా చనిపోయాడు. అప్పు నాలుగు లక్షల డాలర్ల దాకా మిగిలింది, ఆ కాలం డాలర్లు! గుడి చేజారకుండా ఉండాలని చాలామంది తమ ఇళ్లు తాకట్టు పెట్టారు. ఎత్తిన ఇళ్లేరా, కింద వాటా అద్దెతో నడుస్తున్న ఇళ్లే. 1910లో ఫ్రాన్సిస్కన్ గురువులు బాధ్యత తీసుకున్నారు. అప్పు పూర్తిగా తీరేసరికి 1925 వచ్చింది. రోము చిత్రకారుడు గొనిప్పో రజ్జి లోపల వేసిన బొమ్మలు 1926లో పూర్తయ్యాయి. 1929లో పోపుగారు దీనికి బసిలికా హోదా ఇచ్చారు. అమెరికాలో అది మూడోది.

నన్నడిగితే ఆ అప్పు వాళ్లు మోయదగ్గది కాదు. గుడిని ఎంత ప్రేమించినా ఆ మాట అనకుండా ఉండలేను. ప్రతిష్ఠ నాడు తల్లి చంకలో ఉన్న బిడ్డ, అప్పు తీరేనాటికి తనే ఇల్లు నడుపుతూ ఉండుంటుంది. అందుకే చెబుతున్నాను, నువ్వు ఇవ్వగలిగింది సంతోషంగా ఇవ్వు, కానీ ఇంటి కాగితాలు మాత్రం ఎవరి చేతిలోనూ పెట్టకు. మొత్తం ఖర్చెంతో, ఎవరు ఏ లెక్క చూస్తారో రాసి గుడి గోడకు అంటించమని పెద్దల్ని అడుగు. నీకు మొహమాటమైతే నా పేరు చెప్పు, నా చందా కూడా ఆ లెక్క చూశాకే పంపుతాను.

ఇంకొకటి. పాత గుడి పడగొట్టేటప్పుడు ఆ గడప రాయి ఎవరూ అమ్మకుండా చూడు. మనిద్దరం తెల్లవారుజాము పూజకు తడి కాళ్లతో తొక్కి వెళ్లిన రాయి. కొత్త గుడికి ఎక్కడో ఒకచోట దాన్నే వేయించమని ఫాదర్ గారితో నేనూ ఫోన్లో మాట్లాడతాను. ముందు నువ్వు దాని పొడవు, వెడల్పు కొలిచి రాయి.

అమ్మకు నా నమస్కారాలు చెప్పు.

నీ
జోజి