ప్రార్థన కొండకు కుటుంబ సమేతంగా నడక

గౌరవనీయులైన తల్లిదండ్రులకు నమస్కారములు.

సంక్రాంతి సెలవుల తరువాత వచ్చే మొదటి శనివారం తెల్లవారుజామున ఆరు, ఏడు, ఎనిమిది తరగతుల పిల్లలను, వారితో రాగలిగిన పెద్దలను మన ఒంగోలులోని ప్రార్థన కొండకు తీసుకువెళ్లాలని నిర్ణయించాము. 5.45కి కొండ కింద కలుసుకొని, సూర్యోదయానికి పైకి చేరి, ఎక్కిన దారిన కాక మరొక వైపు దిగి, చుట్టు తిరిగి బయలుదేరిన చోటికే వస్తాము. కొండ పెద్ద ఎత్తైనది కాదు కనుక తాతయ్యలు, నాయనమ్మలు కూడా నిదానంగా ఎక్కగలరు.

అంత పెందలాడే ఎందుకని కొందరు అడిగారు. ఎండ సంగతి అటుంచితే, 1854 జనవరి 1న ఆ కొండ ఎక్కిన ఐదుగురు కూడా తెల్లవారకముందే ఎక్కారు. వారు అమెరికన్ బాప్టిస్టు మిషనరీ లైమన్ జువెట్, ఆయన భార్య, వారితో వచ్చిన మన తెలుగువారు నరసు, జూలియా, రూతు. నెల్లూరు మిషన్‌లో చేరినవారు మరీ తక్కువమంది కావడంతో దానిని మూసివేయాలన్న చర్చ అప్పటికే అమెరికాలో నడుస్తున్నది. ప్రార్థన ముగిశాక జువెట్ కింద నాగజెముడు కమ్మిన ఒక మెరక నేలను చూపి, మన బంగళాకు ఆ చోటు నీకు ఇష్టమేనా అని జూలియాను అడిగారట. తరువాత బంగళా అక్కడే వెలిసింది. 1866లో అదే మిషన్‌కు చెందిన మిషనరీ జాన్ క్లౌ వచ్చి ఒంగోలులో స్థిరపడ్డారు.

పిల్లలు ఆ నాగజెముడు కోసం వెతుకుతారు, కానీ అంత దట్టంగా ఇప్పుడు కనిపించదు. 1920ల దశకంలో మద్రాసు ప్రెసిడెన్సీలోకి తెచ్చి వదిలిన ఒక చిన్న పురుగు ఆ మొక్కల రసం పీల్చి, పొలాలను ఆక్రమించిన పొదలను చాలావరకు ఎండగట్టింది. సైన్సు ఉపాధ్యాయురాలు ఈ కథను కొండ మీదే చెబుతారు.

క్లౌ పేరు చెప్పగానే 1878 జూలై 3న గుండ్లకమ్మ నదిలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందిన సంగతి అందరికీ గుర్తుకు వస్తుంది. నాకు మాత్రం దానికి ముందరి ధాత కరువు (1876-78 నాటి మహా కరువు) నాటి విషయమే పెద్దదిగా కనిపిస్తుంది. ఆకలితో వచ్చినవారికి కూలి దొరకాలని ఆయన బకింగ్‌హామ్ కాలువ తవ్వకంలో కొంత భాగాన్ని కాంట్రాక్టుకు తీసుకున్నారు. కూడు కోసం మతం మారారన్న మాట రాకూడదని, కరువు పని సాగినన్నాళ్లూ బాప్తిస్మాలు ఇవ్వలేదు. మీ ఇళ్లలో ఆ కాలువ గురించి, ఆ కరువు గురించి పెద్దలు చెప్పిన మాటలు ఏవైనా ఉంటే, నడుస్తూ పిల్లలకు చెప్పండి. మా పాఠం కంటే అవి ఎక్కువగా నిలుస్తాయి.

ఇది చరిత్ర పాఠంగా సాగే నడక. పైన ప్రార్థించదలచినవారు ప్రార్థించుకోవచ్చు, ఎవరినీ అడగము, ఎవరినీ ఆపము.

గత ఏడాది నడకలో హవాయి చెప్పులతో వచ్చిన ఇద్దరు పిల్లలకు దారిలోనే పట్టీలు తెగాయి, పల్లేరుకాయలు తీయడానికే పావుగంట పట్టింది. కనుక బూట్లు తప్పనిసరి. ఒక్కొక్కరికి లీటరు నీళ్లు, టిఫిను డబ్బా, టోపీ ఉండాలి. కాగితాలు, ప్లాస్టిక్ కవర్లు పిల్లల సంచిలోనే తిరిగి రావాలి.

ఎనిమిదిన్నరకల్లా కిందికి దిగుతాము. అంగీకార పత్రంపై సంతకం చేసి, ఇంటి నుంచి ఎవరు వస్తున్నారో రాసి, గురువారంలోగా తరగతి ఉపాధ్యాయునికి అందజేయవలసిందిగా కోరుతున్నాను.

ఇట్లు,
ప్రధానోపాధ్యాయుడు