రెండు జట్ల జెర్సీ వేసుకున్న టామ్

ఒరేయ్ శీనూ,

ఎలా ఉన్నావు? 2025లో లయన్స్ (బ్రిటన్, ఐర్లండ్ ఆటగాళ్ల ఉమ్మడి రగ్బీ జట్టు) ఆస్ట్రేలియా వెళ్లి 2-1తో సిరీస్ గెలిచారు కదా, ఆ కప్పు పేరు గుర్తుందా? టామ్ రిచర్డ్స్ కప్. ఎవరీ టామ్ అని చదవడం మొదలుపెట్టాక ఇంక వదల్లేకపోయాను. నీతో చెప్పుకోకపోతే ఊరుకోలేను.

1882లో న్యూ సౌత్ వేల్స్‌లో పుట్టాడు. పెరిగింది మాత్రం క్వీన్స్‌లాండ్‌లోని చార్టర్స్ టవర్స్‌లో. అది బంగారు గనుల ఊరు, తనూ గనుల్లో పనిచేసినవాడే. తర్వాత దక్షిణాఫ్రికా వెళ్లి అక్కడి ట్రాన్స్‌వాల్ ప్రాంతపు జట్టుకు ఆడాడు. అక్కణ్ణుంచి ఇంగ్లండ్ చేరి బ్రిస్టల్ క్లబ్బుకు ఆడాడు. ఈ బ్రిస్టల్ సంగతి గుర్తుపెట్టుకో.

1908లో టామ్ ఉన్న ఆస్ట్రేలియా జట్టు తొలిసారి బ్రిటన్ టూర్‌కి వెళ్లింది. ఆ జట్టుకి వాలబీస్ అనే పేరు ఆ టూర్‌లోనే పుట్టింది. అప్పుడే లండన్ ఒలింపిక్స్. ఫ్రాన్స్ తప్పుకోవడంతో రగ్బీలో మిగిలినవి రెండే జట్లు. బ్రిటన్ తరఫున దిగిన కార్న్‌వాల్‌ని మనవాడి జట్టు 32-3తో ఓడించింది. ఒక్క మ్యాచ్‌తో స్వర్ణమా అనకు, కార్న్‌వాల్ ఆ ఏడాది ఇంగ్లండ్ కౌంటీ చాంపియన్. డిసెంబర్‌లో కార్డిఫ్‌లో వేల్స్ చేతిలో 9-6తో ఓడినప్పుడు కూడా టామ్ ఒక ట్రై చేశాడు (అంటే బంతిని అవతలి గీత దాటించి నేలకి తాకించి పాయింట్లు తెచ్చాడు).

అసలు విషయం 1910లో జరిగింది. టామ్ మళ్లీ దక్షిణాఫ్రికాలో ఉన్నాడు. టూర్‌కి వచ్చిన లయన్స్‌లో దెబ్బలు తగిలి ఆటగాళ్లు తక్కువపడ్డారు. బ్రిస్టల్‌కి ఆడినవాడు కదా అని ఇతన్ని జట్టులోకి తీసుకున్నారు! రెండు టెస్టులు ఆడాడు. ఆస్ట్రేలియాకీ లయన్స్‌కీ ఆడాడు కాబట్టే ఈ రెండు జట్ల సిరీస్ కప్పుకి 2001లో అతని పేరు పెట్టారు. ఇంతకన్నా తగిన పేరు దొరకదని నా నమ్మకం.

కానీ శీనూ, నన్ను కదిలించింది ఆట కాదురా. 1915 ఏప్రిల్ 25న టర్కీలోని గలిపోలీలో ఆస్ట్రేలియా సైన్యం దిగినప్పుడు టామ్ ఫీల్డ్ అంబులెన్స్‌లో ఉన్నాడు. పని, గాయపడ్డవాళ్లని స్ట్రెచర్ మీద మోయడం. కాల్పుల మధ్య, ఏటవాలు కొండ మీంచి కిందికి దించాలి, చేతులు రెండూ స్ట్రెచర్‌కే సరి. ఒంటిబలం, ఊపిరి, పక్కవాడి మీద నమ్మకం... ఫార్వర్డ్‌గా, అంటే ముందుండి బంతి కోసం పెనుగులాడే ఆటగాడిగా, నేర్చుకున్నదంతా అక్కడ అక్కరకొచ్చి ఉంటుందనిపిస్తుంది. తర్వాత ఫ్రాన్స్‌లో అధికారి అయ్యాడు, 1917లో బుల్లెకోర్ట్‌లో చూపిన ధైర్యానికి మిలిటరీ క్రాస్ అనే సాహస పతకం వచ్చింది. కానీ ఫ్రాన్స్‌లో విషవాయువు పీల్చాడు. ఆరోగ్యం మళ్లీ కుదుటపడలేదు. 1935లో బ్రిస్బేన్‌లో క్షయతో పోయాడు, 53 ఏళ్లకే. అంత ఆరోగ్యవంతుడికి ఊపిరితిత్తుల జబ్బుతో చావు రావడం నాకు ఇప్పటికీ మింగుడుపడటం లేదు.

యుద్ధంలో అతను రాసుకున్న డైరీలు కాన్‌బెర్రాలోని ఆస్ట్రేలియా యుద్ధ స్మారకంలో ఉన్నాయి. సిడ్నీలో మీ అక్కావాళ్లున్నారుగా, ఈసారి వెళ్తే కాన్‌బెర్రాకూ వెళ్లి రా. చూసిందంతా వివరంగా రాయాలి, సరేనా?

నీ
రమణ